స్వర్ణోత్సవాల బోరింగు

భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు నిండుతున్న శుభ సందర్భాన్ని పురస్కరించుకుని, మా గట్టుకింద పేట జనానికి నీళ్లు ఆపెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది!

ఎకసెక్కం అనుకునేరు. కాదు. 1997 వేసవిలో, భవానీపురంలో, చల్లటి ఏసీ హాల్లో, వందేమాతరం పాడి, జీడిపప్పు ఉప్మా తిని, చేతులు కడుక్కుని మరీ చేశారా తీర్మానం. అందులో ‘నీళ్లు’ అన్న మాట లేదు లెండి. పెద్దవాళ్లు అలాంటి చిన్న మాటలు వాడరు. ‘గట్టుకింద పేట మొగదల ఉన్న పాత బోరింగును తొలగించి, ఆ స్థలంలో స్వాతంత్ర్య స్వర్ణోత్సవ స్తూపం నిర్మించుట’ అని ఉంది. ఆ బోరింగు తప్ప పేటకు వేరే నీళ్ల ఆధారం లేదు. మునిసిపల్ కుళాయి ఒకటి ఉంది గానీ, దాన్లోంచి గాలి మాత్రమే వేళ తప్పకుండా వస్తుంది. కృష్ణ పక్కనే పారుతుంది కదా అంటారేమో! ఊళ్లోని మురుగంతా ముందు కృష్ణలో కలిసి, ఆ తర్వాతే మా పేట దగ్గరికి వస్తుంది. కావలిస్తే వచ్చి ఒక గ్లాసు తాగి చూడండి.

నేను రత్తయ్యని. ఆటో యూనియన్ జెండా మోస్తుంటాను. పేటలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు నా గుమ్మం ముందుకొచ్చి అరుస్తారు, తర్వాత నేను ఇంకొకరి గుమ్మం ముందుకెళ్లి అరుస్తాను. నాకు తెలిసిన రాజకీయం అదొక్కటే.

స్వర్ణోత్సవ సంఘం అధ్యక్షుడు సంజీవరావు గారు. రెండు రైసు మిల్లులు, ఒక ఎంసెట్ కోచింగ్ కాలేజీ, లెక్కలేనంత దేశభక్తి ఉన్న మనిషి. బోరింగుకు ఆనుకునే ఆయన సొంత ఖాళీ స్థలం ఎకరం పైగా ఉంది. స్తూపం అందులో పెట్టుకోవచ్చు గదా అని నేను అడిగితే, దేశభక్తిని సొంత స్థలంలో పెట్టుకోవటం స్వార్థం అవుతుందన్నాడు. నిజమే మరి! స్వార్థం లేనివాడు కాబట్టి ప్రజల స్థలమే కావాలన్నాడు.

స్తూపం మీద ఆయన తాతగారి పేరు చెక్కిస్తారట. తాతగారు రావు బహద్దూర్. ‘జాతీయోద్యమ కాలపు మహానేత’ అని రాయిస్తారట. ఉద్యమ కాలంలో ఆయన ఉన్నమాట నిజమే. ఏ పక్కన ఉన్నాడని ఎవరూ అడగలేదు. జైలుకు వెళ్లినమాట కూడా నిజమే. గౌరవ పర్యవేక్షకుడిగా వెళ్లి, ఖైదీలకు పోసే జావ అవసరానికి మించి చిక్కగా ఉందని దొరగారికి విన్నవించి వచ్చాడు. ఆ విన్నపానికి మెచ్చే బిరుదిచ్చారని వాళ్ల ఇంట్లోవాళ్లే గొప్పగా చెప్పుకుంటారు!

సంఘానికి కార్యదర్శి పానకాలరావు మాస్టారు. మంగళగిరి మనిషి. సంజీవరావు గారి కాలేజీలో చరిత్ర లెక్చరర్. ఎంసెట్ కాలేజీలో చరిత్ర లెక్చరర్ ఏం చేస్తాడని అడక్కండి. ఫీజు కట్టని పిల్లల్ని బయట నిలబెట్టడం, ఛైర్మన్ గారికి ఉపన్యాసాలు రాయటం చేస్తాడు. పాపం, చరిత్ర మాత్రం నిజంగా చదివాడు. సంఘంలో ఏ చిక్కొచ్చినా “దీనికి చరిత్రలో ఏం చేశారు మాస్టారూ?” అని ఛైర్మన్ అడగటం, మాస్టారు పేజీ తిప్పినట్టు చెప్పటం, వీళ్లు తూచా తప్పకుండా అదే చెయ్యటం. ఎవరు చేసింది చేస్తున్నారో మాత్రం ఒక్కరూ చూసుకోలేదు. అక్కడే వచ్చింది తంటా అంతా.

తీర్మానం నాడు నేను హాలు వెనక నిలబడే ఉన్నాను. సంఘంలో ఎవరైనా చేరొచ్చు గానీ, ఓటు పెద్ద చందాదారులకే.

“పేట వాళ్లకి ఓటు లేదా అండీ?” అన్నాను.

పానకాలరావు మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. “1935 చట్టంలో కూడా ఆస్తి, పన్ను, చదువు లాంటివి ఉన్నవాళ్లకే ఓటండీ. మనం చరిత్రను గౌరవించాలి కదా!”

“ఆ చట్టం చేసిందెవరండీ?”

“లండన్‌లో పార్లమెంటు వారండీ.”

“మరి మనమెక్కడున్నామండీ?”

“భవానీపురంలోనండీ,” అన్నాడు మాస్టారు, ఏమాత్రం తడుముకోకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. తీర్మానం నెగ్గింది.

మర్నాడు జమాల్ బీని వెంటబెట్టుకుని సంజీవరావు గారింటికి వెళ్లాం. జమాల్ బీ మా పేటకు పెద్దదిక్కు. గాజుల మలారం భుజాన వేసుకుని భవానీపురం నుంచి వన్‌టౌన్ దాకా ఇల్లిల్లూ తిరిగే మనిషి. ఈ ఊళ్లో ఏ పెద్దింటి ఆడపడుచు చెయ్యి ఏ సైజో ఆమెకు తెలుసు, ఏ పెద్దింట్లో మంచినీళ్లు అడిగితే ఇవ్వరో కూడా తెలుసు. నేను ఆమెని అత్తా అంటాను, ఆమె నన్ను అల్లుడూ అంటుంది. ఆసుపత్రిలో ఆయాగా చేసే రూతు కూడా వచ్చింది. రూతుకి నోరు ఎక్కువ. అందుకే తీసుకెళ్లాం.

“సలాం బాబుగారూ. బోరింగు తీసేస్తారంటగా?” అంది జమాల్ బీ.

“తియ్యటం ఏంటమ్మా! దాని స్థానంలో స్తూపం నిలబెడుతున్నాం. తెల్లటి పాలరాయి.”

“దాన్ని కొడితే నీళ్లొస్తాయా బాబుగారూ?”

“నీళ్లు కాదమ్మా. స్ఫూర్తి వస్తుంది.”

“బిందె పెడితే పడుతుందాండీ?” అంది రూతు.

సంజీవరావు గారికి కోపం రాలేదు. పెద్దమనుషులకు మొదటి రోజే కోపం రాదు. “ఇదిగో రత్తయ్యా, అరుపులు కేకలు వద్దు. పద్ధతిగా, మర్యాదగా వినతి పెట్టుకోండి. పరిశీలిస్తాం.”

“అవునండీ, కాంగ్రెస్ పుట్టిన కొత్తలో మన పెద్దలు కూడా మొదటి ఇరవై ఏళ్లు వినతులే పెట్టారు!” అని ఆయన పక్కనే ఉన్న మాస్టారు మురిసిపోయాడు.

“ఇరవై ఏళ్లు దాహానికి ఆగలేం గదా మాస్టారూ,” అన్నాను. అయినా పెట్టాం. వినతిలో ‘తమ దయాభిక్ష’ అని రాయకపోవటం వల్ల ఒకసారి, రాసినా సరైన చోట రాయకపోవటం వల్ల ఇంకోసారి తిప్పి పంపారు. మూడోసారి పుచ్చుకున్నారు. పుచ్చుకుని, విచారణ సంఘం వేశారు!

విచారణ సంఘంలో ముగ్గురు. ఒకాయన సంజీవరావు గారి బావమరిది. స్తూపం కాంట్రాక్టు ఆయనదే కాబట్టి విషయం మీద మంచి అవగాహన ఉంటుందట. రెండో ఆయన పిల్లల డాక్టరు. మూడో ఆయన రిటైరైన తహసీల్దారు. ఎక్కడికి తీసుకెళ్లినా కుర్చీలో నిద్రపోతాడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. ముగ్గురూ కార్లో వచ్చారు. కార్లో సీసాలతో నీళ్లు తెచ్చుకున్నారు. పేట నీళ్ల మీద విచారణకు వచ్చి పేట నీళ్లు తాగితే పక్షపాతం అవుతుంది మరి!

“ముగ్గురిలో మావోళ్లు ఒక్కరన్నా లేరేంటండీ?” అని జమాల్ బీ అడిగింది.

“మీ సమస్య మీద మీరే విచారణ చేస్తే న్యాయం ఎట్లా అవుతుందమ్మా?” అన్నాడు బావమరిది.

“మరి మీ స్తూపం మీద మీరే ఎట్టా చేస్తున్నారు?”

బావమరిది డాక్టరు వైపు చూశాడు. డాక్టరు తహసీల్దారు వైపు చూశాడు. తహసీల్దారు నిద్రలో ఉన్నాడు. వాళ్ల వెంట వచ్చిన పానకాలరావు మాస్టారు మాత్రం నా చెవి దగ్గరికొచ్చి, “1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు కూడా మనవాళ్లు సరిగ్గా ఇదే అడిగారండీ! ఒక్క భారతీయుడన్నా లేడేంటని!” అన్నాడు. ఆనందంతో ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

“మరి అప్పుడేం చేశారు మాస్టారూ?”

“నల్లజెండాలు పట్టుకుని పొమ్మని అరిచారండీ.”

మా దగ్గర జెండాలు లేవు. ఖాళీ బిందెలున్నాయి. ఆడవాళ్లంతా గరిటెలు తెచ్చి బిందెలు వాయించటం మొదలెట్టారు. కారు వెనక్కి పోయేదాకా వాయించారు. విచారణ నివేదికలో మాత్రం ‘పేట ప్రజలు మంగళ వాద్యాలతో స్వాగతం పలికిరి’ అని వచ్చింది.

అయినా సంజీవరావు గారికి బిందెల మోత వినపడింది. సంస్కరణలు ప్రకటించాడు! ప్రజల భాగస్వామ్యం కావాలని, జమాల్ బీని సంఘంలో సభ్యురాలిగా నియమించాడు. ఓటు లేదు. కుర్చీ కూడా లేదు గానీ, గోడకు ఆనుకుని నిలబడొచ్చు. హాల్లో ఆమె ఎదురుగానే సంస్కరణలు చదివి వినిపించాడు.

“బోరింగు చుట్టూ చప్టా కడగటం, మురుగుకాల్వ తియ్యటం, బిందెల వరసలో తగాదాలొస్తే తీర్చటం... ఈ బాధ్యతలన్నీ ఇవాళ్టి నుంచి పూర్తిగా మీ పేటకే బదలాయిస్తున్నాం. మేం వేలు పెట్టం.”

“బోరింగు ఉండాలా, పోవాలా అన్నది?” అంది జమాల్ బీ.

“అదొక్కటీ మా దగ్గర ఉంచుకున్నామమ్మా.”

“ద్వంద్వ పాలనండీ! అచ్చం 1919 చట్టమండీ!” అని మాస్టారు కుర్చీలోంచి లేచిపోయాడు. “డబ్బు, పోలీసు వాళ్ల దగ్గర, పారిశుద్ధ్యం మన దగ్గర!” సంజీవరావు గారికి ‘వాళ్లు’, ‘మనం’ అన్న మాటలు అంతగా నచ్చలేదు. కూర్చోమన్నాడు.

అదీ పారకపోయేసరికి రూతుకి కబురు పంపారు. మీ ప్రార్థన మందిరం వెనక మీవాళ్లకు వేరే బోరింగు వేయిస్తాం, సాయబుల గొడవలో మీరెందుకు అన్నారట. జమాల్ బీ కోడలు సల్మాతో కూడా అదే మాట, మసీదు పేరు పెట్టి అన్నారట. ఇద్దరూ సాయంత్రం బోరింగు దగ్గర కలిసి ఒకరి మాట ఒకరికి చెప్పుకుని విరగబడి నవ్వారు.

“నీళ్లల్లో ముంచి బాప్తిస్మమిచ్చేది మేమేగానీ, నీళ్లకి బాప్తిస్మం ఇచ్చేది ఇప్పుడే వింటన్నా తల్లీ,” అంది రూతు.

ఇట్లా జూలై గడిచింది. ఆగస్టు పదిహేనున మంత్రిగారు వస్తున్నారు. స్తూపానికి శంకుస్థాపన. అంతకుముందు, అదే చోట, మంత్రిగారి కళ్లెదుట ‘సైమన్ గో బ్యాక్’ ఘట్టం నాటకంగా ప్రదర్శించాలని సంఘం నిర్ణయించింది. ఈసారి కార్పొరేషన్ టిక్కెట్టు మంత్రిగారి చేతిలో ఉందని, సంజీవరావు గారి కన్ను దాని మీద ఉందని నేను వేరే చెప్పక్కర్లేదు.

నాటకంలో వేషాలు పంచేటప్పుడు చూడాలి! చందాదారులందరూ నాయకులే. అందరికీ ఖద్దరు, అందరికీ టోపీ, అందరికీ ఒక్కో డైలాగు. దొర వేషానికి ఒక్కడు లేడు. తెల్లవాడిగా కనపడితే చుట్టాల్లో పరువేం కావాలి? చివరికి ఉద్యోగం పోతుందన్న భయంతో పానకాలరావు మాస్టారే పెళ్లినాటి సూటు వేసుకుని, మొహాన పౌడరు కొట్టుకుని సైమన్ దొర కావటానికి ఒప్పుకున్నాడు. పోలీసు వేషాలకు కాలేజీ వాచ్‌మెన్లు దొరికారు. వాళ్లకు అట్టలాఠీలు చేయించారు. తుపాకీకి రొమ్ము చూపించే నాయకుడి వేషం సంజీవరావు గారిది. అది వేలం పాటలో దక్కించుకున్నాడని ఒకరిద్దరు గొణిగారు.

ఇంత చేశాక తెలిసిందేమిటంటే, జనం లేరు! నల్లజెండాలు పట్టుకుని అరిచే జనం. కాలేజీ పిల్లల్ని అనుకున్నారు. ఆ రోజు వాళ్లకు వీక్లీ టెస్టు. స్వాతంత్ర్యం యాభై ఏళ్లకోసారి వస్తుంది గానీ వీక్లీ టెస్టు వారం వారం వస్తుంది, మానటానికి వీల్లేదని తల్లిదండ్రులు ఖరాఖండిగా చెప్పేశారు. ఆ నియమం పెట్టింది కూడా సంజీవరావు గారే.

అందుకని ఆయన మా పేటకు వచ్చాడు! జీవితంలో మొదటిసారి కారు దిగి నడిచాడు.

“రత్తయ్యా, జమాల్ బీ గారూ,” అన్నాడు. ‘గారూ’ వినగానే రూతు చెంబు కింద పడేసింది. “దేశం కోసం ఒక్క పూట. జెండాలు మేమే ఇస్తాం. మీరు వచ్చి అరవాలి. అంతే.”

“అరవటం మాకు కొత్త కాదు బాబుగారూ. బోరింగు ఉంచుతారా?”

“ముందు మీరు రండమ్మా. మాకీ సాయం చెయ్యండి. తర్వాత మీ సంగతి దశలవారీగా పరిశీలిస్తాం.”

“1917లో యుద్ధం జరిగేటప్పుడు దొరలు కూడా సరిగ్గా ఇట్లాగే...” అని ఆయన వెనకే వచ్చిన మాస్టారు మొదలెట్టాడు. “నోర్ముయ్ పానకాలూ!” అన్నాడు ఛైర్మన్.

నేను వద్దందామనుకున్నాను. జమాల్ బీ నా చెయ్యి నొక్కింది. “వస్తాం బాబుగారూ,” అంది. ఆయన వెళ్లాక నేను కయ్యిమన్నాను. “ఏంటత్తా, మన బోరింగు పీకే పండక్కి మనమే పోయి అరవాలా?”

“అరవమని వాళ్లే జెండా ఇస్తుంటే వద్దంటావేంది అల్లుడూ? ఎవర్ని చూసి అరవాలో మనిష్టం గదా!”

పదిహేనో తారీకు ఉదయం. షామియానా. సన్నాయి. మంత్రిగారు వేదిక మీద సోఫాలో. బందోబస్తుకు ఎస్సై దుర్గాప్రసాద్, ఆయన కానిస్టేబుళ్లు, నిజం లాఠీలు. వేదిక ముందు బోరింగు. దానికి అప్పుడే బంతిపూల దండ వేసి, పక్కన శంకుస్థాపనకు గుంట తవ్వి ఉంచారు. మా పేట పేటంతా నల్లజెండాలు పట్టుకుని నిలబడ్డాం. సన్నాయి ఆగింది. సైమన్ దొర వేషంలో పానకాలరావు మాస్టారు జీపులో వచ్చాడు. చెమటకు పౌడరు కారి చారలు పడింది మొహం.

“సైమన్ గో బ్యాక్!” అన్నాం. మంత్రిగారు తలూపారు. మాస్టారు కూడా జీపులోంచే దీవించినట్టు చెయ్యి ఊపాడు.

తర్వాత మేం జీపు వెంట నడవాలి. నడవలేదు. జమాల్ బీ వెళ్లి బోరింగు పక్కన చప్టా మీద చతికిలబడింది. రూతు ఆ పక్కన. సల్మా, దాని పక్కన ఇంకొకరు, ఇంకొకరు. బోరింగు చుట్టూ మొలతాడు కట్టినట్టు ఆడవాళ్లు. వాళ్ల చుట్టూ మేం. అందరం వేదిక వైపు తిరిగి ఒకటే గొంతు:

“సంజీవరావూ, గో బ్యాక్! బోరింగు మాది! నీళ్లు మావి!”

అప్పుడు సంజీవరావు గారి వంతు వచ్చింది. లాల్చీ బొత్తాలు విప్పి, రొమ్ము విరుచుకుని, ‘కాల్చుకోండి’ అనాల్సిన చోట, ఆ విరిచిన రొమ్ముతోనే, “చూస్తారేంటయ్యా! లాగెయ్యండి వీళ్లని! కొట్టండి!” అని బొబ్బ పెట్టాడు.

వాచ్‌మెన్లు అట్టలాఠీలతో దూకారు. రెండు దెబ్బలకే అట్టలు వంగిపోయాయి. పేటంతా గొల్లుమంది. దాంతో ఆయనకు ఒళ్లు మండిపోయింది. “దుర్గాప్రసాద్! ఏం చేస్తున్నావ్? నీ వాళ్లని దింపు!” ఎస్సై ఒక్క క్షణం మంత్రిగారి మొహం చూశాడు. మంత్రిగారు ఆసక్తిగా చూస్తున్నారు. ఆసక్తిని ఆదేశం అనుకున్నాడు ఎస్సై. దింపాడు.

నిజం లాఠీకి, అట్టలాఠీకి తేడా ఒంటికే తెలుస్తుంది. రూతు మణికట్టు మీద పడింది. నా వీపు గురించి చెప్పను. జమాల్ బీ నుదురు పగిలి నెత్తురు కనురెప్ప మీదికి కారింది. లేవలేదు. బోరింగు పిడి పట్టుకుని కూర్చునే ఉంది. జీపులో ఉన్న సైమన్ దొర మాత్రం మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తున్నాడు!

మంత్రిగారు లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు.

“అద్భుతం! ఎంత సహజంగా ఉంది! ఆ ముసలమ్మ నుదుట నెత్తురు చూడండి, ఎంత బాగా పెట్టారో! సైమన్ చేత కన్నీళ్లు పెట్టించారు చూశారా, అదీ కొత్తదనం! సంజీవరావు గారూ, ఇది రాష్ట్రమంతా చూడాలి!”

సంజీవరావు గారు నోరు తెరిచాడు. ఇది నాటకం కాదంటే, సొంత వాడలో జనం తన మీదే తిరగబడ్డారని ఒప్పుకోవాలి. నోరు మూశాడు. వినయంగా రెండు చేతులూ జోడించాడు. ఉత్తమ దర్శకుడి షీల్డు పుచ్చుకున్నాడు. బొత్తాలు ఇంకా విప్పే ఉన్నాయి. మమ్మల్ని అప్పుడే వ్యానెక్కిస్తున్నారు.

స్టేషన్లో మా మీద ఫిర్యాదు కూడా ఆ చేతిదే! షీల్డు ఇంట్లో పెట్టి, వచ్చి సంతకం చేసి వెళ్లాడు. చట్టవిరుద్ధంగా గుమిగూడటం, ప్రభుత్వ కార్యక్రమానికి ఆటంకం, దౌర్జన్యం. ఆ సెక్షన్లు కూడా తెల్లదొరలు రాసిపెట్టి పోయినవే. దొరల్ని పంపించేశాం గానీ, వాళ్ల కర్రని మాత్రం భద్రంగా దాచుకున్నాం.

మర్నాడు ఉదయం పేపర్లో జమాల్ బీ ఫోటో పడింది. ‘బ్రిటిష్ దమనకాండను కళ్లకు కట్టిన పేద కళాకారిణి’ అని కింద రాశారు. ఎస్సై ఒక చేత్తో పేపరు, ఒక చేత్తో ఫిర్యాదు పట్టుకుని మార్చి మార్చి చూశాడు.

“ఏమ్మా, నువ్వు కళాకారిణివా, ముద్దాయివా?”

“నేను గాజులమ్మేదాన్నయ్యా,” అంది జమాల్ బీ.

ఇంతలో సంజీవరావు గారే పరుగెత్తుకొచ్చాడు. హైదరాబాదు నుంచి ఫోనట. రాష్ట్రస్థాయి ఉత్సవాల్లో ఇదే నాటకం, ఇదే బృందం, ఇదే ముసలమ్మ కావాలన్నారట. ఫిర్యాదు తిరిగి తీసుకున్నాడు. ఆయన వెంట వచ్చిన మాస్టారు ఎస్సై బల్ల చుట్టూ అందరికీ కుర్చీలు వేయించాడు. “బల్ల గుండ్రంగా లేదు, ఏం చేస్తాం,” అని గొణుక్కున్నాడు. ఛైర్మన్ ఆయన్ని ఉరిమి చూశాడు.

“మీకేం కావాలో చెప్పమ్మా,” అన్నాడు జమాల్ బీతో.

“ఏముంది బాబుగారూ. బోరింగు తియ్యకూడదు.”

“తియ్యను. దుర్గమ్మ మీద ఒట్టు. స్తూపమే మానేస్తున్నాను. బోరింగు అక్కడే ఉంటుంది.”

జమాల్ బీ తలకు కట్టుతో నవ్వింది. నేను కూడా నమ్మాను. ఇంత వయసొచ్చి, ఇన్ని జెండాలు మోసి, నేను కూడా నమ్మాను!

లారీలో హైదరాబాదు వెళ్లాం. అక్కడ చెక్క బోరింగు చుట్టూ కూర్చున్నాం. అట్టలాఠీలు ఈసారి గట్టిగా చేయించారు. నెత్తురుకి పారాణి పూశారు. ‘సంజీవరావూ’ అన్నచోట ‘సైమనూ’ అనమన్నారు, అన్నాం. ఆయన రొమ్ము విరిచాడు, హాలంతా లేచి నిలబడింది. మాకు పులిహోర పొట్లాలిచ్చారు. ఆయనకు టిక్కెట్టు ఇచ్చారు.

తిరిగొచ్చి లారీ దిగేసరికి బోరింగు అక్కడే ఉంది. సంజీవరావు గారు మాట తప్పే మనిషి కాదు! మూడు రంగులు వేయించాడు. పిడికి కూడా రంగు. చుట్టూ నిలువెత్తు ఇనప గ్రిల్లు. గ్రిల్లుకి తలుపు. తలుపుకి అరచేతంత తాళం. తాళంచెవి స్మారక పరిరక్షణ సంఘం దగ్గర. ఆ సంఘానికి అధ్యక్షుడెవరో చెప్పక్కర్లేదు.

ముందు పక్క పాలరాతి పలక ఉంది. పక్కన రేకు బోర్డు ఉంది. ఖాళీ బిందెలతో ఆడవాళ్లంతా వాటి ముందు నిలబడి ఉన్నారు. జమాల్ బీకి చదువు రాదు.

“పలక మీద ఏముంది అల్లుడూ?”

చదివాను. ‘తమ హక్కు కోసం సామాన్య స్త్రీలు లాఠీలకు వెరవక బైఠాయించిన వీరఘట్టం ఈ పుణ్యస్థలంలోనే మంత్రివర్యుల సమక్షంలో ప్రదర్శితమైనది. వారి తెగువ తరతరాలకు ఆదర్శం. కీర్తిశేషులు రావు బహద్దూర్ గారి దివ్యస్మృతికి అంకితం.’

“అంటే?”

“నువ్వు చాలా గొప్పదానివని ఉందత్తా.”

“ఆ రేకు మీద?”

‘ఇచ్చట గుమిగూడరాదు. బైఠాయించరాదు. బిందెలు తేరాదు. అతిక్రమించిన వారిపై చట్టరీత్యా చర్య తీసుకోబడును.’

“నువ్వు ఇటు రావద్దని ఉంది.”

రూతు ఇంట్లోకి వెళ్లి రోటి పొత్రం తెచ్చింది. కట్టు ఉన్న చేత్తో ఎట్లా మోసిందో! జమాల్ బీ అందుకుని తాళం మీద ఒకటి వేసింది. ఊగింది. ఇంకోటి వేసింది. అది సంజీవరావు గారి బావమరిది కాంట్రాక్టు తాళం. రెండో దెబ్బకే నోరు తెరిచింది. లోపలికి వెళ్లి పిడి కొట్టింది. కొత్తరంగు అరచేతులకు అంటుకుంది. నీళ్లొచ్చాయి. సల్మా బిందె పెట్టింది. ఆ వెనక రూతు బిందె. ఆ వెనక వరస.

సగం వరస కూడా కాకముందే ఎస్సై దుర్గాప్రసాద్ జీపులో దిగాడు. స్వాతంత్ర్య స్మారక విధ్వంసం అని ఫోన్లో ఫిర్యాదు వచ్చిందట.

“ఏమ్మా జమాల్ బీ, స్మారకం పగలగొట్టావంట?”

“స్మారకాన్ని తాకలేదయ్యా. తాళం పగలగొట్టా. నీళ్లు పట్టుకుంటన్నా. అయినా ఆ పలక చదువు. మీ సార్లే గదా మమ్మల్ని మెచ్చుకుంది!”

ఎస్సై పలక చదివాడు. పైనుంచి కింది దాకా, పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత రేకు బోర్డు చదివాడు. టోపీ సర్దుకుని, మడమలు కలిపి, పలకకు సెల్యూట్ కొట్టాడు. బోర్డు ప్రకారం ఆమెని జీపెక్కించాడు.